మొదటి బుధవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల సైరన్

డాలస్ చుట్టుపక్కల ఊళ్ళకి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి నెలా ఒకటే ప్రశ్న. మొదటి బుధవారం, మధ్యాహ్నం పన్నెండు దాటగానే, "ఏదో సైరన్ మోగుతోంది, ఎవరికైనా వినిపిస్తోందా?" అని ఒకరు అడుగుతారు. పాతవాళ్ళలో ఎవరో ఒకరు "టోర్నడో సైరన్ టెస్టేనండి, కంగారు పడకండి" అంటారు. ఇంకొకరు దండం బొమ్మ పెడతారు. అంతటితో సరి, మళ్ళీ వచ్చే నెల దాకా.

ఆ టైంలో నేను ఫోన్ చూడను. ఒక సైరన్ స్తంభానికి కాస్త దూరంలో, చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని, చేతిలో చిన్న రేడియోతో నిలబడి ఉంటాను. మా ఊరి ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ ఆఫీసుకి సాయం చేసే వాలంటీర్లలో నేనొకణ్ణి. సైరన్ మోగిందా, స్తంభం పైనున్న దాని తల గుండ్రంగా తిరిగిందా, మూడు నిమిషాలూ ఆగకుండా మోగిందా అని చూసి, విని చెప్పడం మా పని. ఊరి పేరు మాత్రం రాయను. డాలస్‌కి ఉత్తరాన మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళలో ఒకటి అనుకోండి.

ఇందులోకి రావడానికి కారణం 2019 అక్టోబర్ 20. ఆదివారం రాత్రి. దీపావళికి ఇంకో వారం ఉంది. ఊరంతా కౌబాయ్స్, ఈగల్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తోంది. తొమ్మిది గంటల ప్రాంతంలో ఉత్తర డాలస్ మీదుగా రిచర్డ్‌సన్ వైపు ఒక టోర్నడో, అంటే పెద్ద సుడిగాలి, దూసుకుపోయింది. గాలి గంటకి 140 మైళ్ళ దాకా అందుకుంది. ఇళ్ళు, స్కూళ్ళు, దుకాణాలు నేలమట్టం అయ్యాయి. అదృష్టం, ఒక్క ప్రాణం పోలేదు. మా అపార్ట్‌మెంట్ దాని దారిలో లేదు. మాకు ఫోన్లు అరిచాయి కానీ సైరన్ వినపడలేదు. మర్నాడు పొద్దున కింది ఫ్లోర్‌లో ఉండే ఆయన "మోగిందిగా, నేను అప్పుడు కుక్కని తిప్పుతున్నాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పన్నులు కడుతున్నాం, మా ఇంట్లోకి వినపడని సైరన్ ఎందుకని సిటీకి ఒక ఈమెయిల్ కొట్టాను. రెండు పేరాల జవాబు వచ్చింది. దాని సారాంశం ఇది: ఈ సైరన్లు ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం పెట్టినవి కావు. పార్కులో, ఆటస్థలంలో, రోడ్డు మీద, అంటే బయట ఉన్నవాళ్ళని లోపలికి పంపడానికి పెట్టినవి. లోపలున్న మీకు ఫోన్, టీవీ, వెదర్ రేడియో ఉన్నాయి. చివర్లో ఇంకో వాక్యం. ఆసక్తి ఉంటే వాలంటీర్‌గా రండి, టెస్టులప్పుడు వినడానికి మనుషులు కావాలి. వెటకారమో పిలుపో తేల్చుకోలేకపోయాను. పిలుపే అనుకుని బయల్దేరాను.

ముందు హామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ మామూలు జనం నడిపే రేడియో, దానికి లైసెన్స్ ఉండాలన్నారు. తుఫానులో సెల్ టవర్లు పడిపోయినా వాలంటీర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి కదా, అందుకు. అమెరికాలో దీనికి పౌరసత్వం అక్కర్లేదు, హెచ్1 మీద ఉన్నవాళ్ళయినా రాయొచ్చు. మొదటి మెట్టు టెక్నీషియన్ పరీక్ష. 35 ప్రశ్నల్లో 26 సరిగ్గా రాస్తే పాస్. ప్రశ్నల బ్యాంకు మొత్తం ముందే బయట పెడతారు. ఎంసెట్ రాసొచ్చిన మనకి ఇదో లెక్కా అనిపిస్తుంది కానీ, యాంటెన్నా పొడవుకీ ఫ్రీక్వెన్సీకీ ఉన్న సంబంధం మళ్ళీ కూర్చుని చదువుకోవాల్సి వచ్చింది. మధ్యలో కరోనా వచ్చి పరీక్షలు ఆగిపోయాయి. చివరికి ఒక చర్చి హాల్లో, మాస్కులు పెట్టుకుని, దాదాపు అందరూ రిటైరైన పెద్దవాళ్ళ మధ్య కూర్చుని రాశాను. రేడియోలో పేరుకి బదులు వాడే కాల్ సైన్ వచ్చిన రోజు మా అమ్మాయి దాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించింది.

తరువాత స్కైవార్న్ శిక్షణ, అంటే తుఫాను మేఘాలని గమనించి కబురు చెప్పే వాలంటీర్లకి ఇచ్చేది. ఫోర్ట్‌వర్త్‌లో ఉన్న నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు వాళ్ళు ఏటా తుఫానుల సీజన్‌కి ముందు ఉచితంగా ఇస్తారు. మేఘం ఎలా ఉంటే టోర్నడో దిగే అవకాశమున్న గోడమేఘం, ఏది ఉత్త భయపెట్టే మేఘం, ఎంత దూరంలో నిలబడాలి, ఇలాంటివన్నీ చెప్తారు. అక్కడ నేను నేర్చుకున్న వాటిలో, మన గ్రూపుల్లో దాదాపు ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. టోర్నడో వార్నింగ్ ఇచ్చేది వెదర్ సర్వీస్. సైరన్ నొక్కేది మాత్రం వాళ్ళు కాదు, ఏ ఊరికి ఆ ఊరు. వార్నింగ్ మ్యాపు మీద ఒక వంకర టింకర గడిలా వస్తుంది. ఆ గడి మా ఊరి మూలని కాస్త తాకితే ఊరంతా మోగించాలా, ఆ మూల మాత్రమే మోగించాలా అన్నది మా ఎమర్జెన్సీ ఆఫీసు నిర్ణయం. అందుకే రోడ్డుకి ఇటుపక్క మోగి అటుపక్క మోగని రోజులుంటాయి. ఇంకోటి, సైరన్ మోగిందంటే టోర్నడోయే అని కాదు. ఉత్తర టెక్సాస్‌లో చాలా ఊళ్ళు గాలి గంటకి 70 మైళ్ళు దాటినా, వడగళ్ళు బాగా పెద్దవి పడుతున్నా కూడా మోగిస్తాయి. మైదానంలో క్రికెట్ ఆడుతున్నవాడి నెత్తిన పడేది ఏదైనా ఒకటే కదా.

ఇక స్తంభం దగ్గరికి వద్దాం. నాకు అప్పగించినది ఒక పార్కు పక్కన ఉంది. దాదాపు యాభై అడుగుల ఎత్తు, కొసన వెడల్పాటి నోరున్న కొమ్ము. కింద, మనిషి చెయ్యి అందీ అందని ఎత్తులో రెండు లోహపు పెట్టెలు. ఒకసారి మరమ్మతుకి వచ్చిన టెక్నీషియన్ వాటిని తెరిచి చూపించాడు. ఒకదాంట్లో రేడియో, కంట్రోల్ బోర్డు. రెండోదాంట్లో వరసగా నాలుగు బ్యాటరీలు. ఒక్కొక్కటి 12 వోల్టులు, కలిపి 48. సైరన్ మోటారు తిరిగేది ఆ బ్యాటరీల మీదే, కరెంటు పని వాటిని ఛార్జ్ చేస్తూ ఉండటమే. గాలివానలో ముందు పోయేది కరెంటే కాబట్టి ఆ ఏర్పాటు. బ్యాటరీ కొసల మీద తెల్లగా ఉప్పులాంటి పొడి పేరుకుని ఉంది. గాలి ఆడటానికి పెట్టిన జాలీలో కందిరీగలు మట్టితో గూడు కట్టాయి. ఆయన స్క్రూడ్రైవర్‌తో గూడు రాల్చి, పొడి బ్రష్‌తో తుడిచి, వోల్టేజీ చూసుకుని, తలుపు మీద తేదీ రాశాడు. "తుఫానులు కాదు, వీటిని చంపేది ఈ ఎండలు" అన్నాడు. ఆగస్టులో ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి చూస్తే ఆ మాట అర్థమవుతుంది.

పైన ఉన్నది లౌడ్‌స్పీకర్ అని చాలామంది అనుకుంటారు. ఈ రకం సైరన్లో స్పీకరే లేదు. మోటారుకి రెక్కలున్న ఒక చక్రం బిగించి ఉంటుంది. దాని చుట్టూ కిటికీల్లాంటి సందులున్న గుండ్రటి కవచం. చక్రం తిరుగుతూ గాలిని లాగి ఆ సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా బయటికి తోస్తుంది. సందు మూసుకోవడం, తెరుచుకోవడం సెకనుకి కొన్ని వందల సార్లు జరుగుతుంది, అదే ఆ కేక. ఇంకో చిన్న మోటారు కొమ్ము మొత్తాన్ని నిదానంగా గుండ్రంగా తిప్పుతుంది, అన్ని దిక్కులకీ సమంగా వినపడాలని. మా ఊళ్ళో కొత్తగా పెట్టిన కొన్ని స్తంభాలు మాత్రం ఎలక్ట్రానిక్‌వి. వాటిలో నిజంగానే స్పీకర్లుంటాయి, తల తిరగదు.

పరీక్షలు నెలకోసారి మాత్రమే జరుగుతాయని అనుకోకండి. చప్పుడు లేని పరీక్ష మధ్యమధ్యలో జరుగుతూనే ఉంటుంది. కంట్రోల్ రూమ్ కంప్యూటర్ ప్రతి స్తంభాన్నీ రేడియోలో పలకరిస్తుంది. బ్యాటరీ ఎంత ఉంది, కరెంటు వస్తోందా, పెట్టె తలుపు ఎవరైనా తీశారా అని అడిగి జవాబు రాసుకుంటుంది. దాని తరువాతది గ్రౌల్ టెస్ట్. మోటారుని రెండు మూడు సెకన్లు మాత్రం తిప్పి, గొంతు లేవకముందే ఆపేస్తారు. కింద ఉన్నవాడికి చిన్న గుర్రు వినపడుతుంది, పక్క వీధికి అదీ తెలియదు. ఎలక్ట్రానిక్ సైరన్లకయితే మనిషి చెవికి అందనంత సన్నని శబ్దం పంపి స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో కొలుస్తారు. ఇవన్నీ ఉన్నా, పూర్తి గొంతుతో మోగించి చూడటానికి మొదటి బుధవారమే. డాలస్ పన్నెండుకి మోగిస్తుంది, మావాళ్ళూ అప్పుడే. ఫోర్ట్‌వర్త్ అదే రోజు ఒంటిగంటకి.

ఆ రోజు పదకొండున్నరకల్లా రేడియోలో హాజరు మొదలవుతుంది. నెట్ కంట్రోల్ దగ్గర, అంటే మా అందరి మాటల్నీ నడిపించే చోట, కూర్చున్నాయన ఒక్కొక్కరి కాల్ సైన్ పిలుస్తాడు. నేను ఏ స్తంభం దగ్గర ఉన్నానో, చుట్టుపక్కల పిల్లలు, గుర్రాలు, కూలివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చెప్తాను. నిజమే, గుర్రాలు. మా ఊరి చివర ఇంకా కొన్ని గుర్రపుశాలలున్నాయి. పైకప్పు మీద పనిచేసేవాళ్ళు ఉంటే ముందే వెళ్ళి చెప్పి వస్తాం, ఉలిక్కిపడి జారితే ఎవరిది బాధ్యత? పన్నెండుకి నిమిషం ముందు "అందరూ స్టాండ్ బై" అని వినపడుతుంది. ఇక ఎవరూ మాట్లాడరు.

మొదట కేక రాదు. లోపలెక్కడో బరువుగా గుర్రు. అది లేస్తూ లేస్తూ పది సెకన్లలోపే నిలువు గొంతు అవుతుంది. కొమ్ము నోరు నా వైపు తిరిగినప్పుడు ఛాతీలో అదురు తెలుస్తుంది. అటు తిరిగినప్పుడు పార్కు అవతల కుక్కలు ఊళలు పెట్టడం వినపడుతుంది. మళ్ళీ ఇటు. నేను వాచీ చూస్తూ తిరిగిన చుట్లు లెక్కపెడతాను. మూడు నిమిషాలకి మోటారు ఆగుతుంది కానీ శబ్దం వెంటనే ఆగదు. తడిపిండి గ్రైండర్ స్విచ్ కట్టేసినా రాయి కాసేపు తిరిగినట్టు, ఆ గొంతు కిందికి జారుతూ జారుతూ పోతుంది. అప్పుడు వరసగా రిపోర్టులు. "సౌండ్ గుడ్, రొటేషన్ గుడ్, ఫుల్ డ్యురేషన్." ఈ మూడు మాటల కోసమే ఇంత హడావుడి.

ఎంత దూరం వినపడుతుందన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. ఇలాంటి పెద్ద సైరన్ నుంచి వంద అడుగుల దూరంలో 130 డెసిబెల్స్ ఉంటుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా పది తగ్గుతుందని వేసుకుంటారు. రెండు వందల అడుగుల దగ్గర 120, నాలుగు వందల దగ్గర 110, అలా పోతే 6,400 అడుగులకి, అంటే మైలు దాటి కాస్త దూరానికి, 70. ఊళ్ళో రోడ్ల రొదని దాటి వినపడాలంటే కనీసం ఆ డెబ్భై కావాలి. ఇప్పుడు అక్కడో ఇల్లు ఉందనుకోండి. రెండు పొరల అద్దాల కిటికీలు, గోడల్లో దూది, అంతా బిగించి ఏసీ వేసి ఉంది. ఇరవై పైగా అక్కడే పోతుంది. మిగిలింది ఇంట్లో మాటల చప్పుడు కన్నా తక్కువ. ఇక టీవీలో మ్యాచ్ నడుస్తుంటే చెప్పక్కర్లేదు. నా ఈమెయిల్‌కి వాళ్ళు రెండు పేరాలు కాకుండా ఈ లెక్క ఒక్కటి రాసి ఉంటే అప్పుడే సమాధానపడేవాణ్ణి.

ఇంత టెక్నాలజీ ఉన్నా మనుషుల చెవులెందుకు అన్న అనుమానం నాకూ ఉండేది. ఒక నెల నా స్తంభం బాగానే మోగింది, కానీ కొమ్ము తిరగలేదు. నోరు తూర్పు వైపే పెట్టుకుని మూడు నిమిషాలూ అటే కేకేసింది. తూర్పున ఉన్నది చెరువు. పడమట ఉన్నవి ఇళ్ళు, స్కూలు. నేను "నో రొటేషన్" అని చెప్పాను. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద మాత్రం ఆ స్తంభానికి పచ్చ రంగే కనిపిస్తోందట. దాని పాత బోర్డు పెద్ద మోటారు కరెంటు తీసుకుందా లేదా అన్నది చూస్తుంది కానీ, తల తిరిగిందో లేదో దానికి తెలియదు. ఆఫీసులో ఒకాయన "కంప్యూటర్ ఓకే అంటోంది, మీరు సరిగ్గా చూశారా" అని రెండుసార్లు అడిగాడు. పక్కనే ఉన్న ఇంకో వాలంటీరు, డెబ్భై దాటిన ముసలాయన, నాకన్నా ముందు జవాబు చెప్పాడు: "కంప్యూటర్ ఇక్కడ నిలబడి లేదు కదా." కాంట్రాక్టర్ వచ్చి చూస్తే చిన్న మోటారు గేరు అరిగిపోయి ఉంది. పార్టు రావడానికి చాలా కాలం పట్టింది. అంతదాకా ఆ పడమటి ఇళ్ళకి సగం సైరనే.

మోగకపోవడం ఒక బాధ అయితే, అక్కర్లేనప్పుడు మోగడం ఇంకో బాధ. 2017 ఏప్రిల్ 7 రాత్రి డాలస్‌లో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. పదకొండూ నలభైకి ఊళ్ళో ఉన్న 156 సైరన్లూ ఒక్కసారిగా మొదలయ్యాయి. ఆకాశం నిర్మలంగా ఉంది. ఆగుతాయి, మళ్ళీ మోగుతాయి, అర్ధరాత్రి ఒంటిగంట దాటేదాకా అదే వరస. ఆ కొన్ని గంటల్లో 911కి నాలుగు వేల పైచిలుకు కాల్స్ వచ్చాయి. అప్పట్లో సిరియా మీద అమెరికా క్షిపణులు వేసిన మర్నాడది, యుద్ధమేమోనని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. చివరికి సిబ్బంది సిస్టమ్ మొత్తాన్నీ కట్టేస్తే తప్ప ఆగలేదు. ఎవరో రేడియో సిగ్నల్ ద్వారా చేశారని సిటీ తరువాత చెప్పింది. హామ్ లైసెన్స్ చదువు చదివాక అది ఎలా కుదురుతుందో నాకు అర్థమైంది. పాత పద్ధతిలో సైరన్‌కి వెళ్ళే ఆజ్ఞ కొన్ని స్వరాల వరస, అంతే. తాళం వెయ్యని ఆ స్వరాలని గాల్లోంచి ఎవరైనా రికార్డు చేసుకుని తిరిగి వినిపించొచ్చు. నెలనెలా ఫలానా టైంకి టెస్టు చేస్తామని మనమే చెప్తాం, రికార్డు చేసుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఆ తరువాత డాలస్ ఆ సిగ్నల్‌కి ఎన్‌క్రిప్షన్, అంటే ఆ తాళం, పెట్టింది. మా ఊరూ మార్చింది.

ఆ గేరు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే మా నాన్న విశాఖపట్నం నుంచి వచ్చారు. వచ్చాక మొదటి బుధవారం నేను పార్కు దగ్గరున్నాను. ఆయన పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తున్నారు. మా ఇంటి దగ్గరిది ఎలక్ట్రానిక్ సైరన్, హెచ్చుతగ్గులు లేకుండా ఒకే గొంతుతో మోగుతుంది. ఆయన భయపడతారేమోనని మా ఆవిడ పరుగున వెళ్తే, ఆయన పైపు కూడా వదల్లేదట. "ఎందుకమ్మా కంగారు, క్లియర్ కొడుతున్నారుగా" అన్నారట.

సాయంత్రం అడిగితే చెప్పారు. 1971 డిసెంబర్‌లో ఆయన స్కూల్లో చదువుతున్నారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిన రోజులు. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు, కార్ల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు. పైకీ కిందికీ ఊగుతూ మోగితే ప్రమాదం, దీపాలార్పి లోపలికి పోవాలి. ఒకే గొంతుతో నిలకడగా మోగితే ప్రమాదం తప్పింది, బయటికి రావచ్చు. మన దేశంలో సివిల్ డిఫెన్స్ పద్ధతి ఇప్పటికీ అదే. 2025 మే 7న ఆపరేషన్ అభ్యాస్ పేరుతో దేశమంతా మాక్ డ్రిల్ జరిగినప్పుడు హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగింటికి మోగినవీ ఆ లెక్కనే మోగాయి.

ఇక్కడ అది తలకిందులు. అమెరికాలో ఊగే గొంతుని దాడి హెచ్చరికకి అట్టిపెట్టారు. టోర్నడోకి మోగేది నిలకడ గొంతే. అంటే విశాఖలో "రండి బయటికి" అనే కూత టెక్సాస్‌లో "పదండి లోపలికి" అంటుంది. మన పెద్దవాళ్ళు ఏటా ఎంతమంది వస్తారిక్కడికి! తుఫానుల సీజన్ సరిగ్గా వాళ్ళు వచ్చే వేసవి నెలల్లోనే. ఈ సంగతి ఏ శిక్షణలోనూ నాకెవరూ చెప్పలేదు, వాళ్ళకి తెలిసే అవకాశమూ లేదు. మా గ్రూపులో ఆ రాత్రే పెట్టాను. అదే మొదటిసారి, దండం బొమ్మలు కాకుండా ప్రశ్నలు వచ్చాయి.

తరువాతి నెలకి గేరు వచ్చింది, బిగించారు, టెస్టు మాత్రం రద్దయింది. ఆ రోజు తుఫాను వచ్చే సూచనలున్నాయి. మబ్బు పట్టి ఉన్నప్పుడు టెస్టు చెయ్యకూడదన్నది ఇక్కడ గట్టి నియమం, ఏది నిజమో జనం తేల్చుకోలేరని. ఆ మరుసటి నెల నాన్నని కూడా స్తంభం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనకీ ఇయర్‌ప్లగ్స్ ఇచ్చాను. మోగినంతసేపూ తల పైకెత్తి చూశారు. కొమ్ము చక్కగా తిరిగింది. నా రిపోర్టు అయ్యాక ఆయన అడిగిన మొదటి మాట, "మన దగ్గర ఇలా నెలనెలా కొడితే, మూడో నెలకి ఎవడు పట్టించుకుంటాడ్రా?"

ఇక్కడా అదే గొడవ నాన్నా అన్నాను. మిజోరీలో జాప్లిన్ అని ఒక ఊరుంది. 2011 మే 22న అక్కడ టోర్నడో వచ్చి 158 మంది చనిపోయారు. ఊళ్ళోకి అది రావడానికి అరగంట ముందే సైరన్ మోగింది. తరువాత వెదర్ సర్వీస్ వాళ్ళు బతికి బయటపడ్డవాళ్ళతో మాట్లాడితే, చాలామంది మొదటి సైరన్‌కి కదల్లేదని తేలింది. ఎప్పుడూ మోగేదే కదా అని ఊరుకున్నారు. ఇంకేదైనా రుజువు కోసం కిటికీలోంచి చూశారు, టీవీ పెట్టారు, కొందరు వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. అందుకే ఉన్న సైరన్ని ఎప్పుడుపడితే అప్పుడు మోగించొద్దని మా ఆఫీసులో తలలు పట్టుకుంటారు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తరువాత విశాఖలోని వెంకటాపురం సంగతి ఎత్తారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి బయటికి వచ్చినప్పుడు సైరన్ మోగలేదు. సైరన్ మోగించడానికి ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటుంది, ఒక్క చోటా ఎవరూ నొక్కలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే రాసింది. పన్నెండు మంది పోయారు. "పట్టించుకోకపోవడం తరువాతి సంగతిరా, ముందు మోగాలి కదా" అన్నారు నాన్న. నా దగ్గర జవాబు లేదు. ఈ రెండు మాటల మధ్యే మా పనంతా నడుస్తోంది.

కారులో ఇంకో ప్రశ్న. "ఇంతకీ ఇక్కడ క్లియర్ ఎప్పుడు కొడతారు?"

కొట్టరు. మా ఊళ్ళో ఆల్ క్లియర్ సైరనే లేదు. ఇంకోసారి మోగిందంటే ఇంకో ప్రమాదం అని లెక్క. వార్నింగ్‌లో ఎన్ని గంటల దాకా అని టైం ఉంటుంది, అది ఫోన్‌లోనో వెదర్ రేడియోలోనో చూసుకుని బయటికి రావాలి. వెదర్ రేడియో అంటే వెదర్ సర్వీస్ ప్రసారాలు మాత్రమే వచ్చే చిన్న పెట్టె. రాత్రిపూట వార్నింగ్ వస్తే దానంతటదే లేచి అరుస్తుంది, మంచం పక్కన ఉంటే సైరన్ వినపడని లోటు తీరుస్తుంది. మా ఇంట్లో అది మెట్ల కింద గదిలో ఉంటుంది. ఇక్కడ ఇళ్ళకి సెల్లార్లు తక్కువ. కిటికీల్లేని లోపలి గదిలో దాక్కోమంటారు. మన ఇళ్ళలో అలాంటి గది చాలావరకు పూజగదే. దేవుడి పటాల పక్కన రేడియో, టార్చిలైటు, బూట్లు, నీళ్ళ సీసాలు. అత్తగారికి ఆ బూట్లు నచ్చలేదు కానీ, అద్దాలు పగిలిన ఇంట్లో చెప్పుల్లేకుండా నడవలేం అని చెప్పాక ఒక సంచీలో పెట్టనిచ్చారు.

నాన్నకి ఆ రేడియో బాగా నచ్చింది. ఒకటి కొనుక్కుని వైజాగ్ తీసుకెళ్తానన్నారు. అక్కడ అది పలకదు, ఆ ప్రసారం ఇక్కడిదే అని చెప్పి, దాని బదులు ఆయన ఫోన్‌లో మన విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళ సచేత్ యాప్ వేసి, విశాఖ జిల్లా పెట్టి, తెలుగు ఎంచి ఇచ్చాను. ఊరెళ్ళాక పిడుగుల హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపుతున్నారు. మాకు అర్ధరాత్రి.